వికలాంగుల పింఛను తీసుకుంటూ భూమి, ఇల్లు సొంత పేరున ఉంచుకోవడం ఎలా? అంచెలంచెలుగా సమగ్ర మార్గదర్శి

"నాకు పింఛను వస్తోంది. నాన్న భూమిలో నా వాటా నా పేరున ఎక్కించుకుంటే పింఛను పోతుందా?" తెలంగాణలో దేవరకొండ, మర్రిగూడ, కల్వకుర్తి, మద్దూరు వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఊళ్లో పింఛను అర్జీలు రాసిపెడుతుంటాను కాబట్టి నా దగ్గరికి వస్తారు. చాలామంది అప్పటికే భయపడి వాటా వదులుకోవడానికి సిద్ధపడి ఉంటారు.

భూమి ఉన్నంత మాత్రాన పింఛను పోదు. ఒక హద్దు ఉంది. ఆ హద్దులోపల ఉంటే భూమీ మీదే, పింఛనూ మీదే. మా దగ్గర పింఛను తీసుకునే కుటుంబాల్లో ఎక్కువ శాతం ఆ హద్దుకు చాలా దూరంలోనే ఉంటాయి. అయినా పింఛను పోతుందన్న మాట నమ్మి భూమి పోగొట్టుకుంటారు.

మా చిన్న మేనమామకు పోలియో. ఎడమ కాలు చచ్చుబడింది. తాత పోయాక భూమి పంచే రోజు పెద్దమనుషులు "నీకు పింఛను ఉంది కదా, భూమి నీ పేరున ఉంటే అది కట్ అవుతుంది, తమ్ముడి పేరున ఉండనీ" అన్నారు. ఎకరం ఇరవై గుంటలు. తమ్ముడు మంచివాడే, పంట వచ్చిన ప్రతిసారీ మామకు గింజలు పంపేవాడు. అతను హఠాత్తుగా పోయాడు. భూమి అతని భార్యాపిల్లల పేరున మారింది, రెండేళ్లకు అమ్ముడుపోయింది. మామ పెట్టె అడుగున ఇప్పటికీ ఒక తెల్లకాగితం ఉంది, నాలుగు మడతల మీద చిరిగిపోతూ. కింద నలుగురి వేలిముద్రలు, వైలెట్ ఇంకు వెలిసిపోయి గులాబీ రంగుకు తిరిగింది. దాని మీద ఒక్క గుంట కూడా తిరిగి రాలేదు. ఆ ఎకరన్నర చెలక (వానాధార మెట్ట భూమి) తన పేరున ఉన్నా మామ పింఛనుకు ఏమీ అయ్యేది కాదు.

అందుకే ఈ క్రమం రాస్తున్నాను. వరుసలో చదవండి, వరుసలోనే చేయండి.

## 1. ముందు హద్దు ఎక్కడుందో చూసుకోండి

ఆసరాగా మొదలై ఇప్పుడు చేయూత పేరుతో పిలుస్తున్న రాష్ట్ర పింఛనులో దివ్యాంగులకు 2023 జూలైలో నెలకు 4,016 రూపాయలు చేశారు. వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. వినికిడి లోపానికి 51 శాతం. దివ్యాంగులకు వయసు పరిమితి లేదు.

కుటుంబానికి కింది వాటిలో ఏదైనా ఉంటే అనర్హులుగా చూస్తారు:

- మాగాణి లేదా నీటి వసతి ఉన్న ఆరుతడి భూమి 3 ఎకరాలకు మించి ఉంటే
- చెలక 7.5 ఎకరాలకు మించి ఉంటే
- పిల్లలు ప్రభుత్వ, ప్రైవేటు, కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉంటే, లేదా డాక్టర్లు, కాంట్రాక్టర్ల వంటి వృత్తుల్లో ఉంటే
- రైస్ మిల్లు, ఆయిల్ మిల్లు, పెట్రోలు బంకు వంటి పెద్ద వ్యాపారం ఉంటే
- కారు వంటి నాలుగు చక్రాల వాహనం లేదా పెద్ద వాహనం సొంతంగా ఉంటే
- ఇప్పటికే వేరే ప్రభుత్వ పింఛను వస్తుంటే

వీటికి తోడు, జీవన స్థితి చూసి విచారణ అధికారి నిర్ణయించే వీలు కూడా ఉంది. కాబట్టి భూమి లెక్క ఒక్కటే సరిచూసుకుని ఊరుకోకండి.

ఇక్కడ రెండు విషయాలు బాగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, లెక్క కుటుంబానిది. భూమి మీ పేరున కాక మీ భార్య పేరున ఉన్నా లెక్కలోకి వస్తుంది. రెండు, రేషన్ కార్డు హద్దు వేరు. కార్డుకు మాగాణి 3.5 ఎకరాలు, చెలక 7.5 ఎకరాలు. "నాకు తెల్లకార్డు ఉంది కాబట్టి పింఛనుకు ఢోకా లేదు" అనుకుంటే మాగాణి 3 ఎకరాల 10 గుంటలు ఉన్నవాళ్లు దెబ్బతింటారు.

యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు), వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్‌కు భూమితో ఏ సంబంధమూ లేదు. పదెకరాలు ఉన్నా వైకల్యం వైకల్యమే. ఆర్టీసీ బస్సులో రాయితీ, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ భూమిని బట్టి రావు, భూమిని బట్టి పోవు. "భూమి ఉంది, సర్టిఫికెట్ ఎవరిస్తారు" అని క్యాంపుకే వెళ్లని వాళ్లను చూశాను. వెళ్లండి.

## 2. మీ భూమి లెక్క మీరే కట్టుకోండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీతో కలిసి ఒకే కార్డులో, ఒకే పొయ్యి మీద ఉన్నవాళ్లందరి పేర్లు రాయండి. ఒక్కొక్కరి పాసుబుక్కు ఎదురుగా పెట్టుకుని సర్వే నంబరు, విస్తీర్ణం, తరి లేదా ఖుష్కి, ఈ మూడూ ఎక్కించండి. తరి అంటే మాగాణి, ఖుష్కి అంటే చెలక.

విస్తీర్ణం చదివేటప్పుడే చాలామంది తప్పు చేస్తారు. రికార్డులో చుక్క తర్వాత ఉండేవి గుంటలు, దశాంశం కాదు. 40 గుంటలు ఒక ఎకరం. 3.20 అని ఉంటే అది మూడున్నర ఎకరాలు. 7.20 అంటే సరిగ్గా ఏడున్నర. ఒకాయన పాసుబుక్కులో 7.10 చూసి "ఏడెకరాల పదోవంతు" అనుకున్నాడు. అది ఏడుంబావు. హద్దు దగ్గరలో ఉన్నవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

వారసత్వ భూమి అయితే ఇంకా పంచుకోని మొత్తం మీ లెక్కలో వేసుకోకండి, మీ వాటా మాత్రమే చూడండి. ఉదాహరణకు తండ్రి స్వార్జితం 6 ఎకరాల చెలక. వీలునామా రాయకుండా పోయాడు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. నలుగురికీ సమాన వాటా. 240 గుంటలను నాలుగుతో భాగిస్తే 60 గుంటలు, అంటే ఎకరం ఇరవై గుంటలు. వికలాంగుడైన కొడుకు వేరుగా కాపురం ఉండి, వేరే భూమి లేకపోతే, అతని లెక్క 1.20. హద్దు 7.20. భయపడాల్సిన పని ఎక్కడుంది?

నీటి సంగతి వేరే చూడాలి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా వైపు భూమి తరి అని రికార్డులోనే ఉంటుంది, గందరగోళం తక్కువ. చిక్కంతా బోర్ల కింద. రికార్డులో ఖుష్కి, పొలంలో బత్తాయి తోట. లేదా జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు ఈమధ్యే వచ్చి చెలక కాస్తా వరి మడి అయింది. విచారణకు వచ్చినవాళ్లు కళ్లతో చూసినదే రాస్తారు. నీళ్లు పారుతుంటే ఆ భూమిని 3 ఎకరాల హద్దుతో పోల్చుకోవడమే క్షేమం.

దీనికి తలకిందుల బాధ కూడా ఉంది. ఎప్పుడో బోరు ఉండేది, ఇప్పుడు ఎండిపోయింది, అయినా కాగితంలో నీటి వసతి ఉన్నట్టే నడుస్తోంది. అలాంటప్పుడు సీజనులో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) చేసే పంటల నమోదు మీకు పెద్ద సాక్ష్యం. కంది, పత్తి వేస్తే అలాగే నమోదైందా, వరి అని పడిందా చూసుకోండి. ఎండిన బోరు ఫొటో, కరెంటు కనెక్షన్ తీసేసి ఉంటే ఆ కాగితం కూడా దాచండి.

## 3. కాగితాలు ఒక్కచోట పెట్టండి

ఏ ఆఫీసు మెట్టు ఎక్కడానికి ముందైనా ఇవి సిద్ధంగా ఉండాలి:

☐ ఆధార్, మీదీ కుటుంబ సభ్యులదీ
☐ యూడీఐడీ కార్డు లేదా సదరం సర్టిఫికెట్, గడువు తేదీ చూసుకుని
☐ పింఛను ఐడీ నంబరు, డబ్బు పడే పోస్టాఫీసు లేదా బ్యాంకు పుస్తకం
☐ రేషన్ కార్డు
☐ పట్టాదారు పాసుబుక్కు, మీ పేరున లేకపోతే ఎవరి పేరున ఉందో వారిది
☐ పాత పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు) నకలు దొరికితే అది
☐ వారసత్వమైతే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం
☐ ప్రతిదానికీ రెండేసి జిరాక్సులు

అన్నిటిలో పేరు ఒకేలా ఉందా చూడండి. ఆధార్‌లో "వెంకటయ్య", పాసుబుక్కులో "చిన్న వెంకయ్య", సర్టిఫికెట్‌లో ఇంటిపేరు లేదు. దీనివల్లే ఎన్నో పనులు నెలలకు నెలలు ఆగుతాయి. ముందు ఆధార్ సరిచేసుకోండి, మిగతావన్నీ దానికి సరిపోయేలా తర్వాత మార్పించండి. వరుస తిరగేస్తే అన్నీ రెండుసార్లు మార్చాల్సి వస్తుంది.

తాత్కాలిక సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఒక మాట. దాని మీద గడువు తేదీ ఉంటుంది. అది దాటితే పింఛను ఆగవచ్చు. అదే సమయంలో మీరు భూమి మార్పించుకుని ఉంటే "భూమి వల్లే పోయింది" అని ఊరంతా అంటారు, మీరూ నమ్ముతారు. గడువుకు మూడు నెలల ముందే మళ్లీ పరీక్షకు స్లాట్ పెట్టుకోండి.

## 4. వారసత్వ భూమిలో మీ వాటా ఎక్కించుకునే క్రమం

హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 28 సూటిగా చెబుతుంది: జబ్బు, లోపం, అంగవైకల్యం కారణంగా ఎవరికీ ఆస్తి హక్కు పోదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 13 కూడా ఆస్తి కలిగి ఉండే, వారసత్వంగా పొందే, బ్యాంకు అప్పు తీసుకునే హక్కు అందరితో సమానంగా ఉందంటుంది. "కాలు లేనివాడు వ్యవసాయం ఏం చేస్తాడు, వాటా ఎందుకు" అనే మాటకు చట్టంలో చోటు లేదు. ఆడబిడ్డ అయితే ఈ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆమె హక్కూ అంతే.

మొదట ఇంట్లో మాట్లాడండి. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ కూర్చుని ఎవరికి ఏ సర్వే నంబరులో ఎన్ని గుంటలో కాగితం మీద రాసుకోండి. బావి, బోరు, బండ్ల బాట ఎవరి వాటాలో పడుతున్నాయో తప్పక రాయండి. వికలాంగుడికి బాట లేని మూల ముక్క ఇవ్వడం మా దగ్గర మామూలైపోయింది. మూడు చక్రాల బండి పొలం దాకా పోతుందా? ఈ ప్రశ్న మీరే అడగాలి, మీ తరఫున ఎవరూ అడగరు.

తర్వాత మీసేవలో లేదా భూభారతి పోర్టల్‌లో విరాసత్‌కు (వారసుల పేరున మార్పు) దరఖాస్తు పెట్టి స్లాట్ తీసుకోవాలి. భూభారతి 2025 ఏప్రిల్ 14న మొదలై ధరణి స్థానంలోకి వచ్చింది. వారసులకు నోటీసు ఇచ్చి విచారించాకే మార్పు చేయాలని కొత్త చట్టంలో ఉంది. అందువల్ల మీకు తెలియకుండా మీ పేరు వదిలేసి ఎవరైనా దరఖాస్తు పెడితే ఆ దశలో మీరు అభ్యంతరం చెప్పవచ్చు. నోటీసు వస్తే చదివించుకోండి. చదవకుండా సంతకమో వేలిముద్రో వేయకండి.

విచారణ రోజున తహసీల్దార్ ఆఫీసుకు వారసులందరూ వెళ్లండి. మీ వాటా మీ పేరున వేరుగా రావాలని నోటితో చెప్పండి, రాసి కూడా ఇవ్వండి. ఉమ్మడిగా వారసుల పేర్లన్నీ ఎక్కితే, ఆ తర్వాత భాగపంపిణీ రిజిస్టర్ చేయించుకుంటేనే ఎవరి పాసుబుక్కు వారికి వస్తుంది. ఈ రెండో మెట్టును చాలామంది మరిచిపోయి సగంలో ఆపేస్తారు.

మీ పేరు వదిలేసి మార్పు జరిగిపోయిందా? ఆర్డీవో దగ్గర అప్పీలు, ఆ తర్వాత కలెక్టర్ దగ్గర అప్పీలు ఉన్నాయి. గడువులు ఉంటాయి కాబట్టి తెలిసిన వారంలోనే కదలండి. వకీలు ఫీజు గురించి దిగులుపడకండి. దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టమే చెబుతుంది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

సొంత పేరున పాసుబుక్కు ఉంటే ఏం వస్తుందో కూడా లెక్కలో వేసుకోండి. రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి 12,000 చొప్పున ప్రకటించారు, ఎకరం ఇరవై గుంటలకు 18,000 అవుతుంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారుకు రైతు బీమా 5 లక్షలు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000. అందులో ఒక మెలిక ఉంది. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి రాదు, వారసత్వంగా వచ్చిన దానికి వస్తుంది. భూమి ఇంకొకరి పేరున పెడితే ఇవన్నీ వాళ్లకే పోతాయి.

## 5. కొనేటప్పుడు, బహుమతిగా తీసుకునేటప్పుడు

పింఛను, చిట్టీ డబ్బులు కూడబెట్టి పది గుంటలు కొనుక్కునేవాళ్లు ఉన్నారు. కొనండి, కానీ ఈ వరుసలో:

☐ కొన్నాక కుటుంబం మొత్తం విస్తీర్ణం హద్దు దాటుతుందా, ముందే లెక్క
☐ ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి భూమి మీద అప్పు, తాకట్టు ఉన్నాయా చూడటం
☐ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదని తేల్చుకోవడం
☐ అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచినది) కాదని నిర్ధారించుకోవడం
☐ డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వడం
☐ రిజిస్ట్రేషన్ రోజే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయిందో లేదో చూడటం

లావుణి పట్టా భూమి, అంటే అసైన్డ్ భూమి, తక్కువకు వస్తోందంటే ఆశపడకండి. 1977 అసైన్డ్ భూముల చట్టం కింద దాన్ని అమ్మడం, కొనడం చెల్లదు. ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే మీరిచ్చిన డబ్బుకు దిక్కు ఉండదు. సాదాబైనామా, అంటే తెల్లకాగితం మీద కొనుగోలు, అసలే వద్దు. మామ పెట్టెలోని కాగితం మళ్లీ ఒకసారి గుర్తుచేసుకోండి.

అన్నో తల్లో మీకు బహుమతి పత్రం రాస్తే మీరు స్వీకరించినట్టు అందులో ఉండాలి, రిజిస్టర్ కావాలి. అదే మీరు ఇంకొకరికి రాసేటప్పుడు పదిసార్లు ఆలోచించండి. ఒకసారి ఇచ్చిన బహుమతిని ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేరు. "నన్ను చూసుకుంటానన్నాడు" అన్న మాట మీద భూమి తిరిగి తెచ్చుకునే ప్రత్యేక దారి 2007 తల్లిదండ్రులు, వృద్ధుల సంరక్షణ చట్టంలో ఉంది, కానీ అది 60 దాటిన పెద్దలకు. నలభై ఏళ్ల వికలాంగుడికి ఆ రక్షణ లేదు. బతికున్నంత కాలం భూమి మీ పేరున ఉంచుకుని, తర్వాత ఎవరికి పోవాలో వీలునామాలో రాయండి. వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు. చూపు లేకపోయినా, వినపడకపోయినా, మాట రాకపోయినా, చేసే పని తెలిసి చేస్తే అది చెల్లుతుంది.

## 6. ఆఫీసు దాకా రాలేనివాళ్ల కోసం

మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయి మంచం దిగలేని పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లను ఆటోలో పడుకోబెట్టి తెచ్చి గేటు దగ్గర గంటలు గంటలు ఉంచుతారు. ఆ అవసరం లేదు. శరీర బలహీనత వల్ల రాలేనివారి దగ్గరికి రిజిస్ట్రేషన్ అధికారి తానే వెళ్లాలని, లేదా కమిషన్ ద్వారా పని జరిపించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 38లో ఉంది. ఇంటి దగ్గర రిజిస్ట్రేషన్‌కు సెక్షన్ 31. స్లాట్ పెట్టుకున్నాక, తేదీకి ముందే డాక్టరు సర్టిఫికెట్, యూడీఐడీ జిరాక్సు జతచేసి రాతపూర్వకంగా అడగండి.

చూపు లేనివారు పత్రం మొత్తం చదివించుకోవాలి. చదివే మనిషి ఆ లావాదేవీలో లాభపడే మనిషి కాకూడదు. వినపడనివారు సైగల భాష తెలిసినవారిని వెంట తెచ్చుకోండి. చేతులు లేక వేలిముద్ర పడకపోతే ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి, కౌంటర్ దగ్గర మిషన్ ముందు నిలబడ్డాక కాదు.

## 7. ఇల్లు, ఇంటి జాగా

సొంత ఇల్లు ఉండటం పింఛను అనర్హతల్లో పేరుపెట్టి లేదు. రేకుల ఇల్లు స్లాబ్ చేసుకున్నారని పింఛను పోదు, కాకపోతే రెండంతస్తుల మేడ కడితే జీవన స్థితి చూసే విచారణ మిమ్మల్ని ప్రశ్నించవచ్చు.

ఇందిరమ్మ ఇంటికి సొంత జాగా ఉంటే 5 లక్షలు ఇస్తారు. బేస్‌మెంట్‌కు లక్ష, గోడలు లేచాక లక్ష, స్లాబ్‌కు రెండు లక్షలు, పూర్తయ్యాక లక్ష. 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఇంటి మహిళ పేరున మంజూరు చేస్తారు. ఇళ్ల, వ్యవసాయ భూముల కేటాయింపుల్లో 5 శాతం 40 శాతం పైబడిన దివ్యాంగులకు, అందులోనూ మహిళలకు ముందు ఇవ్వాలని 2016 చట్టం సెక్షన్ 37 చెబుతుంది. అర్జీలో ఆ సెక్షన్ రాయండి. ప్లాన్ గీయించేటప్పుడే గడప లేకుండా ర్యాంప్, బాత్రూమ్ తలుపు బండి పట్టేంత వెడల్పు అడగండి. స్లాబ్ పడ్డాక గోడ పగలగొట్టడం ఖర్చు.

ఊరి మధ్య ఆబాదిలో (ఇళ్లున్న గ్రామకంఠం) ఇంటి పన్ను రసీదు మాత్రమే ఉంటుంది. అది హక్కు పత్రం కాదు, స్వాధీనంలో ఉన్నారనడానికి ఆధారం. అయినా ఏటా మీ పేరునే కట్టి రసీదులు దాచండి.

## 8. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ గురించి తల్లిదండ్రులకు

"మేం పోయాక వీడికి ఎవరు?" అని అడిగే తల్లులకు నేను చెప్పగలిగింది ఇది. బిడ్డ పేరున నేరుగా భూమి రాసేసి ఊరుకోకండి. పద్దెనిమిది లోపైతే ఆ భూమి అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. పద్దెనిమిది దాటాక, పత్రం అర్థం చేసుకోలేని మనిషితో సంతకం పెట్టించుకున్నవాళ్లు వస్తారు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద చట్టబద్ధ సంరక్షకుడిని పెట్టించవచ్చు. జిల్లాలో కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ ఆ పని చేస్తుంది. జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులో దరఖాస్తు గురించి అడగండి. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. ఆ భయం ఉంటేనే మేనత్త కొడుకైనా, బాబాయి అయినా జాగ్రత్తగా ఉంటాడు.

తల్లిదండ్రులు బతికుండగానే ఇది జరగాలి. వీలునామాలో భూమి బిడ్డకు రాసి, సాగు ఎవరు చూడాలి, కౌలు డబ్బు ఏ ఖాతాలో పడాలి కూడా రాయండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దే దారి

వికలాంగుడి పేరున బంధువు కారు కొనడం. పన్ను రాయితీ వస్తుందని బావమరిదో అన్నో "ఒక్క సంతకం పెట్టు" అంటాడు. కారు వాళ్ల ఇంటి ముందు ఉంటుంది, రికార్డులో యజమాని మీరు. నాలుగు చక్రాల వాహనం అనర్హత కింద మీ పింఛను పోతుంది. సంతకం పెట్టకండి. పెట్టేసి ఉంటే ఆర్టీఏలో యాజమాన్యం మార్పించి, ఆ కాగితంతో పింఛను మళ్లీ అడగండి. ట్రాక్టరు విషయంలోనూ ఇదే జాగ్రత్త. మీరు నడుపుకునే మూడు చక్రాల స్కూటీతో ఇబ్బంది లేదు.

అమ్మిన భూమి ఇంకా మీ పేరునే ఉండటం. ఎప్పుడో తెల్లకాగితం మీద అమ్మారు, రికార్డులో మారలేదు. విచారణలో అది మీ భూమే. కొన్నవాళ్లను వెంటపడి మార్పించండి.

వేరు పడ్డ అన్న ఇంకా మీ కార్డులోనే ఉండటం. అతని నాలుగెకరాలు మీ లెక్కలో పడతాయి. అతను నిజంగా వేరే కాపురం ఉంటే రేషన్ కార్డులో పేరు తీయించి వేరు చేయించుకోండి. కలిసే ఉంటూ కాగితంలో వేరు చూపించడం మాత్రం వద్దు. ఊరందరికీ తెలిసిన విషయం విచారణలో దాగదు.

వలస వెళ్లి పింఛను తీసుకోకపోవడం. పాలమూరు నుంచి పనులకు వెళ్లినవాళ్లకు ఇది మామూలు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే ఆపేస్తారు. వెళ్లేముందు పంచాయతీ కార్యదర్శికి చెప్పి, మధ్యలో ఒకసారైనా వచ్చి వేలిముద్ర వేయండి.

హద్దు దాటాక చెప్పకపోవడం. కుటుంబం భూమి నిజంగానే హద్దు దాటితే పింఛను వదులుకోక తప్పదు. దాచి తీసుకుంటే రికవరీ టెన్షన్ నెత్తిన పెట్టుకున్నట్టు. ఏడాదికి 48,192 రూపాయల కోసం భూమి ఇంకొకరికి రాసివ్వడం మాత్రం ఏ లెక్కలోనూ లాభం కాదు.

## 10. భూమి కారణం చెప్పి పింఛను ఆపితే

ముందు కారణం రాతలో తీసుకోండి. నోటిమాట మీద ఎవరితోనూ గొడవ పడకండి. పల్లెలో ఎంపీడీవో ఆఫీసు, పట్టణంలో మున్సిపల్ ఆఫీసు. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, తెల్లకార్డు ఉన్నవారికి ఫీజు లేదు.

కారణం తెలిశాక 2వ మెట్టులో మీరు రాసుకున్న లెక్కకాగితం బయటకు తీయండి. పాసుబుక్కుల జిరాక్సులు జతచేసి ఎంపీడీవోకు ఇవ్వండి. కదలకపోతే జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి, అంటే డీఆర్‌డీవో, తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. నేను రాసిపెట్టేది ఇలా ఉంటుంది:

"అయ్యా, నాకు 62 శాతం శారీరక వైకల్యం ఉంది. పింఛను ఐడీ నంబరు ఇది. ఫలానా నెల నుంచి పింఛను ఆగింది. భూమి ఎక్కువ ఉందని కారణం చెప్పారు. నా కుటుంబంలో నేను, నా భార్య, ఇద్దరు చిన్నపిల్లలం. మా అందరికీ కలిపి ఉన్నది ఖుష్కి 1 ఎకరం 20 గుంటలు మాత్రమే. తరి లేదు. హద్దు 7 ఎకరాల 20 గుంటలు. పాసుబుక్కు, రేషన్ కార్డు, యూడీఐడీ నకళ్లు జతచేశాను. పొలం వద్దకు వచ్చి విచారించి, ఆగిన నెలల డబ్బుతో సహా పింఛను పునరుద్ధరించాలని కోరుతున్నాను."

శాతం, విస్తీర్ణం మీవి వేసుకోండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ప్రజావాణిలో ఇచ్చే నంబరు ఆ ప్రతి వెనకే రాసుకుని, పాసుబుక్కు పెట్టే సంచిలోనే దాన్నీ పెట్టండి.